లారీ ముందు చక్రపు బేరింగులు

పూర్వము దశరథ మహారాజు దేవతలకు తోడుగా అసురులతో యుద్ధము చేయుచుండగా ఆయన రథచక్రపు కడశీల ఊడిపోయెనట. ప్రక్కనున్న కైకేయి తన వ్రేలిని శీల స్థానమున నుంచి చక్రము జారిపోకుండ కాపాడెనట. ఆ ఉపకారమునకు మెచ్చి రాజు ఇచ్చిన వరములే పిమ్మట శ్రీరాముని అరణ్యవాసమునకు కారణమయ్యెనని జనులు చెప్పుకొందురు. ఈ కథను మొదట చెప్పినవారెవరో కాని, వారికి బండిని గూర్చి చక్కని ఎరుక కలదని ఒప్పుకొనవలెను. రథమెంత గొప్పదైనను, గుర్రములెంత బలమైనవైనను, రథికుడెంత శూరుడైనను, చక్రమును ఇరుసుపై నిలుపునది వ్రేలంత ఇనుప ముక్క మాత్రమే. అది జారినచో రాజ్యములు తారుమారగును.

రథముల కాలము గడచినది. నేడు ఊరినుండి ఊరికి ధాన్యమును, సిమెంటును, ఎరువులను, మిరపకాయల బస్తాలను మోయునది లారీ. ఐనను కడశీల కథ పాతబడలేదు. లారీ ముందు చక్రము కూడ ఒక చిన్న ఇరుసుపై, కొన్ని ఉక్కు ముక్కల ఆధారమున తిరుగుచు, ఒక నట్టు వలనను, ఒక శీల వలనను నిలిచి యుండును. ఆ ఉక్కు ముక్కల కూర్పునకే బేరింగు అని పేరు. అది అరిగినప్పుడు తెలిసికొనుట యెట్లు, దానిని బాగుచేయుట యెట్లు అను విషయము డ్రైవరుకును మేస్త్రీకిని మాత్రమే సంబంధించినది కాదు. ఆ లారీకి ఎదురుగా వచ్చు బస్సులోని ప్రయాణికులకును, బాట ప్రక్కన నడచి బడికి పోవు పిల్లలకును దానితో సంబంధము కలదు.

ముందుగా ఒక చిన్న లెక్క చూడవలెను. పెద్ద లారీ చక్రము, టైరుతో కలిపి, ఒక మీటరుకు కొంచెము ఎక్కువ అడ్డుకొలత గలది. కావున అది ఒకసారి తిరిగినచో సుమారు 3.2 మీటర్ల దూరము సాగును. ఒక కిలోమీటరు పోవుటకు 310 సార్లకు పైగా తిరుగవలెను. విజయవాడ నుండి హైదరాబాదునకు దాదాపు 270 కిలోమీటర్ల దూరము. అనగా ఆ ఒక్క ప్రయాణములోనే ప్రతి చక్రమును ఎనుబది వేల సార్లకు పైగా తిరుగును. అంతసేపును ముందు చక్రముపై రెండు మూడు టన్నుల బరువు మోపబడి యుండును. ఇంత బరువును మోయుచు, ఇంత వేగముగ తిరుగుచు, ఇరుసు కాలిపోకుండ నుండుట ఎట్లు సాధ్యమైనది?

ఎద్దుబండిని చూచినచో ఈ ప్రశ్నలోని కష్టము తెలియును. బండి చక్రపు నడుమనున్న ఇనుప గొట్టము ఇరుసుపై రాచుకొనుచు తిరుగును. రెండు లోహములు ఒకదానిపై నొకటి ఒరసికొన్నప్పుడు ఘర్షణ పుట్టును. ఘర్షణ వలన వేడి పుట్టును, లోహము అరుగును, ఎడ్లకు శ్రమ పెరుగును. అందుచేత రైతు కాల్చిన గడ్డి మసిని ఆముదముతో కలిపి కందెనగా చేసి ఇరుసునకు పెట్టును. కందెన రెండు లోహముల నడుమ పలుచని పొరగా నిలిచి వాటిని విడదీయును. గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోవు బండికి ఈ ఏర్పాటు చాలును. గంటకు అరువది కిలోమీటర్ల వేగమున, టన్నులకొలది బరువుతో పోవు లారీకి ఇది చాలదు.

దీనికి మానవుడు కనుగొనిన ఉపాయము చాల సరళమైనది. పెద్ద రాతిని నేలపై ఈడ్చుట కష్టము; దాని క్రింద గుండ్రని దుంగలు వేసి దొర్లించుట సులభము. ఒరసికొనుటకంటె దొర్లుటలో ఘర్షణ మిక్కిలి తక్కువ. ఇరుసునకును చక్రమునకును నడుమ చిన్న ఉక్కు గుండ్లనో, ఉక్కు దుంగలనో ఉంచినచో చక్రము వాటిపై దొర్లును. 1794లో వేల్సు దేశమునకు చెందిన ఫిలిప్ వాన్ అను ఇనుప కర్మాగారపు యజమాని బండి ఇరుసునకు గుండ్లు అమర్చు పద్ధతికి హక్కుపత్రము పొందెను. కాని ఒకే పరిమాణము గల నునుపైన ఉక్కు గుండ్లను చవుకగా చేయుట ఆనాడు సాధ్యము కాలేదు. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్టు పట్టణమున ఫ్రీడ్రిక్ ఫిషర్ అను నతడు ఉక్కు గుండ్లను సరియైన గుండ్రదనమునకు సానపట్టు యంత్రమును నిర్మించెను. నాటినుండి బేరింగులు సైకిళ్ళకును, పిమ్మట మోటారు బండ్లకును ప్రాకినవి.

లారీ ముందు చక్రమునకు మరియొక చిక్కు కలదు. తిన్నని బాటపై పోవునప్పుడు చక్రముపై బరువు పైనుండి క్రిందికి మాత్రమే పడును. మలుపు తిరుగునప్పుడు అట్లు కాదు. చక్రమును ప్రక్కకు త్రోయు బలము కూడ దానిపై పడును. ఈ రెండు బలములను తట్టుకొనుటకు సాధారణమైన గుండ్లు చాలవు. జర్మనీలో పుట్టి, అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున గుర్రపు బండ్ల కర్మాగారము నడపిన హెన్రీ టిమ్‌కెన్ ఈ చిక్కును గుర్తించెను. ఒక కొనకు సన్నగిల్లిన ఉక్కు రోలర్లతో కూడిన బేరింగునకు 1898లో ఆయన హక్కుపత్రము పొందెను. ఏటవాలుగా కూర్చబడిన ఈ రోలర్లు పైబరువును, ప్రక్కత్రోపును ఒకేసారి భరించును. నేటికిని భారీ లారీల ముందు చక్రములలో విరివిగా వాడుక యందున్నది ఈ రకమే.

ఈ బేరింగులో నాలుగు భాగములు కలవు. లోపలి ఉంగరమును మేస్త్రీలు కోను అందురు. వెలుపలి ఉంగరమునకు కప్పు అని పేరు. ఈ రెంటి నడుమ రోలర్లు వరుసగా నుండును. రోలర్లు ఒకదానికొకటి తగులకుండ వాటిని ఎడమెడముగా నిలుపునది పంజరము. రోలర్ల పెద్ద కొనలు కోను అంచునకు ఆనుకొని తిరుగును. రోలర్ల వాలు గీతలను ఊహలో పొడిగించినచో అవన్నియు ఇరుసు నడిగీతపై ఒకే బిందువున కలియును. అట్లు కలియుట చేతనే రోలరు ఏ కొననైనను ఈడ్వబడక, పొడవునను సమముగ దొర్లును.

జంషెడ్‌పూరులో 1954 నుండి తయారైన టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలును, మద్రాసు సమీపమున ఎన్నూరులో తయారైన లేలాండు లారీలును మన బాటలపై చిరకాలము తిరిగినవి. ఆ తరపు లారీల ముందు ఇరుసు బలమైన ఉక్కు దూలము. దాని రెండు కొనలయందును కింగ్ పిన్ను అను నిలువు కడ్డీ యుండును. ఆ కడ్డీని ఆధారము చేసికొని స్టబ్ యాక్సిల్ అను పొట్టి ఇరుసు కుడియెడమలకు తిరుగును. స్టీరింగు త్రిప్పినప్పుడు తిరుగునది ఇదియే. ఈ పొట్టి ఇరుసుపై లోపలివైపు ఒక పెద్ద బేరింగు, వెలుపలివైపు ఒక చిన్న బేరింగు ఎదురెదురుగా కూర్చుండును. వాటిపై చక్రపు నడిభాగమైన హబ్బు తిరుగును. లోపలివైపు ఆయిల్ సీలు గ్రీజును బయటికి పోనీయక, నీటిని లోనికి రానీయక కాపాడును. వెలుపలివైపు నట్టు, వాషరు, శీల, వాటిపై మూత ఉండును.

బేరింగు ఏల అరుగును? గట్టి ఉక్కుతో చేసినదైనను దానికిని ఆయువు కలదు. 1947లో స్వీడను దేశపు లుండ్‌బెర్గ్, పాల్మ్‌గ్రెన్ అనువారు బేరింగుల ఆయువును గణించు సిద్ధాంతమును ప్రకటించిరి. ఆ మార్గమున ఏర్పడిన సూత్రము ప్రకారము, రోలరు బేరింగుపై బరువు రెట్టింపైనచో దాని ఆయువు సగము కాదు, సుమారు పదవ వంతునకు పడిపోవును. నాలుగవ వంతు బరువు అదనముగ వేసినను ఆయువు సగమునకు తగ్గును. పది టన్నులు మోయవలసిన లారీపై మరి రెండున్నర టన్నులు ఎక్కించి కిరాయి ఎక్కువ సంపాదించితినని యజమాని సంతోషించును. ఆ సంతోషపు వెలను బేరింగులు చెల్లించుచుండును.

బరువుకంటె పెద్ద శత్రువులు నీరును దుమ్మును. వర్షాకాలమున నీట మునిగిన బాటపై పోయినప్పుడు సీలు చెడియున్నచో నీరు హబ్బులో ప్రవేశించును. గ్రీజు చెడిపోవును, రోలర్లు తుప్పు పట్టును. ఇసుక రేణువు ఒక్కటి లోపల చేరినను అది ఆకురాయివలె ఉక్కును గీయును. గ్రీజు ఎండిపోయినను, నట్టు మితిమీరి బిగించినను బేరింగు వేడెక్కును. నట్టు మిక్కిలి వదులైనను చక్రము ఊగుచు రోలర్లను దెబ్బతీయును. బేరింగులలో వయస్సు తీరి పోవునవి కొన్ని; అజాగ్రత్త చేత అకాలముగ చెడునవి అనేకములు.

అరిగిన బేరింగు మొదట చప్పుడుతో తన బాధను తెలుపును. "మేస్త్రీగారూ, ముందు చక్రము దగ్గర గురగురమని చప్పుడు వచ్చుచున్నది" అని డ్రైవరు చెప్పినచో, అనుభవము గల మేస్త్రీ వెంటనే పానా పట్టడు. ముందు ప్రశ్నలు వేయును. చప్పుడు వేగముతో పాటు పెరుగునా? ఇంజను వేగము మారినను అట్లే యుండునా? మలుపులో హెచ్చునా, తగ్గునా? ఇంజను వేగముతో కాక చక్రపు వేగముతో మారు చప్పుడు చక్రముల వద్ద పుట్టినది. లారీ ఎడమకు తిరుగునప్పుడు బరువు కుడి చక్రములపైకి ఒరగును. అప్పుడు చప్పుడు హెచ్చినచో కుడి చక్రపు బేరింగును అనుమానింపవలెను. కుడికి తిరుగునప్పుడు హెచ్చినచో ఎడమ చక్రమును చూడవలెను.

వేడి రెండవ గుర్తు. కొంతదూరము పోయి లారీని నిలిపిన పిమ్మట రెండు ముందు హబ్బులను పోల్చి చూడవలెను. ఒకటి గోరువెచ్చగా నుండి, రెండవది చేతిని దగ్గరకు చేర్పనీయనంత వేడిగా నున్నచో అచ్చట దోషము కలదు. కాని ఆ దోషము బేరింగుదే యని తొందరపడరాదు. పూర్తిగా వదలని బ్రేకు కూడ ఇట్టి వేడినే పుట్టించును. ఇవిగాక టైరు ఒకచోట ఎక్కువగ, ఒకచోట తక్కువగ గుంటలుగా అరుగుట, స్టీరింగు వణకుట, చక్రము లోపలివైపున గ్రీజు కారుట మొదలైనవి కూడ సూచనలే.

సూచనలు అనుమానమును కలిగించును. నిర్ణయము పరీక్ష వలన కలుగును. లారీని చదునైన గట్టి నేలపై నిలిపి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందును వెనుకను అడ్డుదిమ్మలు పెట్టవలెను. పిమ్మట జాకీతో ముందు ఇరుసును లేపి, దాని క్రింద బలమైన స్టాండు నుంచవలెను. జాకీని మాత్రమే నమ్మి లారీ క్రింద దూరరాదు. ఈ నియమమును మీరినవారిలో ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు.

లేచిన చక్రమును మెల్లగా చేతితో త్రిప్పవలెను. మంచి బేరింగు నిశ్శబ్దముగ, నునుపుగ తిరుగును. చెడినది గరగరలాడును, తిరుగుటలో తట్టుకొన్నట్లు చేతికి తెలియును. తరువాత టైరు క్రింద పలుగు నుంచి పైకి ఎత్తి చూడవలెను. లేదా టైరును పైభాగమునను క్రిందిభాగమునను పట్టి ముందు వెనుకలకు ఊపవలెను. చక్రము కొట్టుకొన్నచో వదులు కలదని అర్థము.

ఈ వదులు బేరింగుదా, కింగ్ పిన్నుదా? ఇచ్చట మేస్త్రీలు ఒక చక్కని ఉపాయమును అనుసరింతురు. ఒకరు చక్రమును ఊపుచుండగా మరియొకరు క్యాబినులో కూర్చుండి బ్రేకు పెడలును గట్టిగా త్రొక్కవలెను. బ్రేకు పడగానే చక్రముతోనున్న డ్రమ్మును, పొట్టి ఇరుసునకు బిగింపబడిన బ్రేకు పలకయును ఒకటైపోవును. అప్పుడు బేరింగు నడుమనుండి తొలగినట్లే యగును. బ్రేకు వేయగానే వదులు మాయమైనచో దోషము బేరింగుది. బ్రేకు వేసినను చక్రము ఊగుచున్నచో అరిగినది కింగ్ పిన్ను గాని, దాని బుష్షులు గాని. ఈ చిన్న పరీక్ష చేయనివారు బేరింగులు మార్చి డబ్బు వెచ్చించిన పిమ్మట కూడ చక్రము ఊగుచుండుట చూచి ఆశ్చర్యపడుదురు. రోగమును గుర్తింపక మందిచ్చు వైద్యునకును వీరికిని భేదము లేదు.

దోషము నిశ్చయమైన తరువాత మరమ్మతు మొదలగును. చక్రపు నట్లను లారీ నేలపై నున్నప్పుడే కొంచెము వదులు చేసి, పిమ్మట లారీని లేపవలెను. కొన్ని పాత లారీలలో ఎడమవైపు చక్రపు నట్ల మరలు తలక్రిందుగా నుండును. అనగా అవి ఎదురు దిక్కున త్రిప్పిన గాని ఊడవు. ఈ సంగతి నెరుగక బలము చూపిన వానికి బోల్టులు విరుగుటయే ఫలము. చక్రమును తీసి, బ్రేకు బిగువును తగ్గించి, హబ్బు మూతను విప్పి, శీలను లాగి, నట్టును ఊడదీయవలెను. వాషరును, వెలుపలి బేరింగును తీసి, హబ్బును డ్రమ్ముతో సహా నిదానముగ బయటికి లాగవలెను. అది బరువైనది, ఇద్దరు పట్టుట మేలు. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాసు అను రాతినార వాడబడినది. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేయును. కావున డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదక, తడిగుడ్డతో తుడువవలెను.

తీసిన బేరింగులను కిరసనాయిలులో కడిగి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి ఆరబెట్టవలెను. గాలి పంపు పెట్టి బేరింగును గిర్రున త్రిప్పుట కొందరు కుర్రవాండ్రకు వేడుక. అది ప్రమాదకరమైన వేడుక. గ్రీజు లేని బేరింగు ఆ వేగమున పాడగును. రోలరు ఊడివచ్చి తూటావలె తగులవచ్చును.

శుభ్రమైన బేరింగు తన చరిత్రను తానే చెప్పును. చూడనేర్చిన కంటికి అది పుస్తకమువలె చదువ వీలగును. రోలరు నడుచు దారిలో ఉక్కు పొరలుగా లేచి గుంటలు పడియున్నచో, అది బరువు మోసిమోసి అలసినదని తెలియును. నీలి వన్నె గాని, గోధుమ వన్నె గాని పట్టియున్నచో అది గ్రీజు లేకయో, బిగువు హెచ్చియో కాలినదని తెలియును. సన్నని గీతలున్నచో దుమ్ము చేరినది. నల్లని మచ్చలు, తుప్పు చారలు ఉన్నచో నీరు చేరినది. రోలర్ల ఎడమునకు సరిపోవు నొక్కులు వరుసగ నున్నచో పెద్ద దెబ్బ తగిలినది. ఏ కారణమున చెడెనో తెలిసికొనక క్రొత్తది వేసినచో అదియు అదే దారిని పోవును. సీలు చెడి నీరు చేరిన చక్రమునకు క్రొత్త సీలు వేయక క్రొత్త బేరింగు వేయుట, కప్పునకు చిల్లి యుండగా ఇంట ముంతలు మార్చుట వంటిది.

ఇచ్చటనే మేస్త్రీ నిజాయితీకి పరీక్ష కలుగును. కోనును మాత్రము మార్చి పాత కప్పును హబ్బులో నుంచినచో పని త్వరగా ముగియును, ఖర్చు తగ్గును. పైకి ఎవరికిని తెలియదు. కాని కోను, కప్పు జంటగా పనిచేయునవి. అరిగిన దారిపై క్రొత్త రోలర్లు దొర్లినచో అవి కొద్దికాలములోనే చెడును. కావున రెంటిని కలిపియే మార్చవలెను. పాత కప్పును మెత్తని ఇత్తడి కడ్డీతో అటు కొంచెము, ఇటు కొంచెము కొట్టుచు తీయవలెను. గట్టి ఉక్కుపై ఉక్కు సుత్తితో సూటిగా కొట్టినచో పెళుసు ముక్కలు ఎగిరి కంటిలో పడవచ్చును. కంటికి అద్దములు పెట్టుకొనకుండ ఈ పని చేయరాదు. క్రొత్త కప్పు హబ్బులో బిగువుగ, అడుగంటునట్లు కూర్చుండవలెను. అది వదులుగ తిరుగుచున్నచో కొందరు లోపల ఉలితో చుక్కలు పొడిచి బిగువు కల్పింతురు. అది కంటితుడుపు పని. అట్టి హబ్బును మార్చుటయే సరియైన మార్గము.

పొట్టి ఇరుసును పరీక్షించుట మరువరాదు. దానిపై బేరింగు కూర్చుండు తావులు అరిగినవేమో చూడవలెను. దాని మొదట, లోపలి బేరింగునకు వెనుక, కంటికి కనబడని పగుళ్ళు కలుగవచ్చును. వాటిని కనుగొనుటకు ఒక పాత పద్ధతి కలదు. ఆ భాగమును కిరసనాయిలుతో తడిపి, కొంతసేపుంచి, పొడిగ తుడిచి, దానిపై సుద్దపొడి చల్లవలెను. పగులున్నచో అందులో దాగిన నూనె మెల్లగా పైకి ఊరి, తెల్లని సుద్దపై నల్లని గీతగా కనబడును. పూర్వము రైలు ఇరుసులను ఇట్టి పద్ధతినే పరీక్షించెడివారు. పగిలిన ఇరుసును అతికి వాడుట ఎన్నటికిని తగదు, దానిని పారవేయవలెను.

తరువాత గ్రీజు పట్టించుట. అరచేతిలో గ్రీజు ముద్దను తీసికొని, బేరింగు పెద్ద కొనను దానిలో నొక్కుచు, గ్రీజు రోలర్ల నడుమనుండి అవతలి కొనకు వెలువడువరకు దూర్చవలెను. పైపైన పూసినచో లోపలికి చేరదు. హబ్బు లోపల కొంత గ్రీజు నింపి కొంత చోటు వదలవలెను. పూర్తిగా నింపినచో అది చిలుకబడి వేడెక్కును. రెండు జాతుల గ్రీజులను కలుపరాదు; కొన్ని కలిసినప్పుడు పలుచబడి కారిపోవును.

లోపలి బేరింగును, క్రొత్త సీలును అమర్చి, హబ్బును ఇరుసుపైకి నెట్టి, వెలుపలి బేరింగును, వాషరును, నట్టును వేయవలెను. పనియంతటిలో మిక్కిలి నేర్పు కావలసినది ఈ నట్టును బిగించుటయందే. చక్రమును త్రిప్పుచునే నట్టును బిగింపవలెను. అట్లు చేసినచో రోలర్లు తమ స్థానములలో సరిగా కూర్చుండును. చక్రము బరువుగ తిరుగు స్థితి వచ్చిన పిమ్మట నట్టును ఆ లారీ కర్మాగారపు పుస్తకములో చెప్పిన మేరకు వెనుకకు త్రిప్పవలెను. అది సాధారణముగ ఒక చుట్టులో ఆరవ వంతు మొదలు నాలుగవ వంతు వరకు ఉండును. చక్రము స్వేచ్ఛగా తిరుగవలెను. కాని చేతికి తెలియునంతగ ఊగరాదు. మిగులవలసిన వదులు మిల్లీమీటరులో పదవ వంతునకు అటునిటుగా మాత్రమే. బిగువుగ నుండుటయే భద్రమని క్రొత్తవారు తలంతురు. అది పొరపాటు. లోహము వేడికి వ్యాకోచించును. చల్లగా నున్నప్పుడు చోటు లేకుండ బిగించినచో, వేడెక్కిన పిమ్మట రోలర్లు చిక్కుకొని కాలిపోవును.

నట్టు గాడిని ఇరుసు రంధ్రముతో సరిపరచి క్రొత్త శీలను దూర్చి దాని కొనలను మడువవలెను. శీల వెల అతి స్వల్పము. ఐనను పాత శీలను చక్కచేసి మరల వాడువారు కలరు. ఒకసారి మడిచిన తీగ రెండవసారి మడుచుటతో బలహీనపడును. అది విరిగినచో నట్టు మెల్లగా విప్పుకొనును. నట్టు విప్పుకొన్నచో చక్రము ఇరుసును విడచును. వేగముగ పోవు లారీనుండి విడిపోయిన చక్రము నూరు కిలోలకు పైబడిన బరువుతో బాటపై దొర్లిపోవును. అప్పుడు దానిని ఆపగలవారు లేరు.

పని ముగిసిన పిమ్మట బ్రేకును మరల సరిచేసి, చక్రపు నట్లను ఎదురెదురుగా వరుసతో బిగింపవలెను. ఇరువది కిలోమీటర్లు నడపి, నిలిపి, హబ్బు వేడిని చూడవలెను. ఏబది నూరు కిలోమీటర్ల లోపల నట్లను మరల బిగించి చూడవలెను. ఒకవైపు బేరింగు చెడినప్పుడు రెండవవైపును కూడ విప్పి చూచుట వివేకము. ఏలయన రెండును ఒకే బరువును మోసినవి, ఒకే నీటిలో తడిసినవి.

నేటి క్రొత్త వాహనములు కొన్నింటిలో బేరింగు, గ్రీజు, సీలు అన్నియు కలిపి మూసిన ఒకే కూర్పుగా వచ్చుచున్నవి. అవి చెడినచో మొత్తము మార్చుటయే. కాని పాత లారీలు ఇంకను తిరుగుచున్నంత కాలము, విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల గ్రీజుతో నల్లబడిన చేతులు ఈ విద్యను నిలుపుచునే యుండును. ఆ విద్యలో సగము వ్రేళ్ళకొనలలో నున్నది. మిగిలిన సగము మనస్సాక్షిలో నున్నది. మూత బిగించిన తరువాత లోపల క్రొత్త కప్పు ఉన్నదో, పాత కప్పు ఉన్నదో, క్రొత్త శీల ఉన్నదో, పాత శీల ఉన్నదో చూచువారుండరు. మేస్త్రీకి మాత్రమే తెలియును.

కైకేయి తన వ్రేలితో ఒక రాజును కాపాడినందుకు రెండు వరములు పొందెను. సరిగా బిగించిన నట్టుతో, క్రొత్త శీలతో ఒక లారీని బాటపైకి పంపిన మేస్త్రీ ఎందరిని కాపాడెనో అతనికే తెలియదు. కాపాడబడిన వారికిని తెలియదు. అతనికి వరము లెవరును ఈయరు. ఐనను ఆ రాత్రి లారీ క్షేమముగ ఊరు చేరును. మరునాడుదయము పిల్లలు ఆ బాట ప్రక్కనే నడచి బడికి పోదురు.